పాతరలో ఎన్నాళ్ళకుంది?

(దేశ ఇంధన ఎంపికలు, జాతీయ భద్రత అనే అంశంపై కర్నూలులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరుసల్లో పెద్దలున్నారు, వెనక ఇంజనీరింగ్ పిల్లలు నిలబడి కూడా వింటున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలని నా ఆశ.

జొన్నల పాతర చూసినవాళ్ళు ఈ హాల్లో కొందరైనా ఉంటారు. గట్టి నేలలో గుంత తవ్వి, అడుగున, చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టి కప్పి మెత్తేవాళ్ళు. వాన మొహం చాటేసిన ఏడు దాన్ని తవ్వేవాళ్ళు. మూత తీసిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాళ్ళు కాదు, లోపల గాలి చెడి ఉంటుంది గనక. కరువు సీమ కాబట్టి మన పెద్దలకు ఒక లెక్క ఎప్పుడూ నోటిమీద ఉండేది: పాతరలో ఉన్నది ఇంట్లో ఇంతమందికి ఎన్నాళ్ళకొస్తుంది? దేశ భద్రత గురించి నేనివాళ చెప్పేదంతా ఈ లెక్కే. ఏ ఇంధనం ఎంచుకున్నా మూడు ప్రశ్నలు వేయాలి. దాని గొంతు ఎక్కడ, ఎవరి చేతికి అందుతుంది? తెగిన రోజు నుంచి మనం ఎన్నాళ్ళు నిలబడగలం? తిరిగి నిలబెట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ముందు చమురు. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి వస్తుంది. అందులో పెద్ద భాగం గల్ఫ్ నుంచి వచ్చేది ఇరాన్‌కూ ఒమాన్‌కూ మధ్యనున్న హోర్ముజ్ జలసంధి దాటాలి. ఇరుకైన చోట దాని వెడల్పు 40 కిలోమీటర్ల లోపే. పెద్ద ఓడలు పోవడానికి రెండు మైళ్ళ దారి, రావడానికి రెండు మైళ్ళ దారి, మధ్యన రెండు మైళ్ళ ఖాళీ. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల పీపాల చమురు ఆ సందులోంచి పోయింది. ప్రపంచం తాగే చమురులో ఐదో వంతు అది.

దాన్ని ఆపాలంటే సముద్రానికి గోడ కట్టాల్సిన పని లేదు. నాలుగు మందుపాతరలు వేశారన్న వార్త చాలు, ఓడల బీమా కంపెనీలు యుద్ధ ప్రీమియం పెంచేస్తాయి. బీమా లేని ఓడను ఏ యజమానీ ఆ దారిన పంపడు. 2023 చివర ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టినప్పుడు ఇదే చూశాం. దారి మూసుకుపోలేదు, కానీ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలెట్టాయి. పది పన్నెండు రోజుల ప్రయాణం పెరిగింది.

1973లో అరబ్ దేశాలు చమురు బిగబట్టినప్పుడు పీపా ధర మూడు డాలర్ల దగ్గర నుంచి కొన్ని నెలల్లోనే పన్నెండుకు చేరువైంది. మనకు ఇంకా దగ్గరి దెబ్బ 1990-91ది. కువైట్ మీద ఇరాక్ దాడితో చమురు బిల్లు పెరిగింది, గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు పంపే డబ్బు తగ్గింది, విదేశీ మారకం మూడు వారాల దిగుమతులకు కూడా బొటాబొటిగా మిగిలింది. 1991లో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టాం. అప్పటికే బలహీనంగా ఉన్న మన ఖజానాను ఆ చమురు బిల్లు తాకట్టు దాకా తోసింది. సరిహద్దులో ఒక్క తుపాకీ పేలకుండా దేశం చేయి చాచాల్సి వచ్చింది. భద్రత అంటే సైన్యం ఒక్కటే కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఆ తర్వాత మనమూ పాతరలు తవ్వుకున్నాం. విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నులది, మంగళూరులో 15 లక్షల టన్నులది, ఉడుపి దగ్గర పాదూరులో 25 లక్షల టన్నులది. మొత్తం 53.3 లక్షల టన్నులు. విశాఖది ఎలా పనిచేస్తుందో పిల్లలు తెలుసుకోవాలి. గట్టి రాతిలో, భూగర్భ జలమట్టానికి బాగా కింద, సొరంగాల్లాంటి గదులు తొలిచారు. లోపల ఇనుప తొడుగు లేదు, చమురు నేరుగా రాతిని తాకుతుంది. మరి పగుళ్ళలోంచి కారిపోదా? గదుల పైన ఇంకో సన్నటి సొరంగం ఉంది. దాంట్లోంచి వరుసగా బోర్లు వేసి నీళ్ళు నింపి ఉంచుతారు. చుట్టూ రాతి పగుళ్ళన్నీ నీటితో నిండి ఉంటాయి, ఆ నీటి ఒత్తిడి లోపలి చమురు ఒత్తిడి కంటే ఎక్కువ. కాబట్టి నీళ్ళు కొంచెం కొంచెం లోపలికి ఊరతాయే తప్ప చమురు బయటికి పోలేదు. ఊరిన నీళ్ళు అడుగున గుంటలో చేరతాయి, వాటిని తోడి, శుద్ధి చేసి వదులుతారు. ఆ నీటి తెర ఎండిపోతే మాత్రం చమురు ఆవిరి పగుళ్ళ దారి పడుతుంది. అందుకే అక్కడ చమురు మట్టాన్ని చూసినంత జాగ్రత్తగా నీటి మట్టాన్నీ చూస్తారు.

ఈ మూడూ నిండా నింపితే తొమ్మిదిన్నర రోజులకు వస్తుందని ప్రభుత్వ లెక్క. అది కొన్నేళ్ళ కిందటి వాడకం మీద వేసినది. వాడకం పెరిగేకొద్దీ అదే గది తక్కువ రోజులకు వస్తుంది. చమురు కంపెనీల ట్యాంకుల్లో ఉండేదాన్ని కలుపుకుంటే డెబ్బై పైచిలుకు రోజులు అంటారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలను 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా ఉంచుకోమంటుంది. ఇక్కడొక మెలిక ఉంది. కంపెనీల ట్యాంకుల్లో ఉన్నది రోజువారీ తిరుగుడు సరుకు. పైపుల్లోనూ ట్యాంకు అడుగునా ఉండేది తోడుకోవడానికి రాదు. దాన్ని పాతర గింజల్లో కలిపి లెక్కేసుకుంటే మోసపోతాం. నింపే కాలం కూడా చూసుకోవాలి. 2020 ఏప్రిల్, మే నెలల్లో కరోనాతో ధర పడిపోయినప్పుడు మన ప్రభుత్వం సగటున పీపా 19 డాలర్లకు కొని ఈ గదులు నింపింది. పంట కళ్ళాల్లో ఉన్నప్పుడు కొని దాచుకునే తెలివే అది, మెచ్చుకోవాలి.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది వంటగ్యాస్. దేశం ఏడాదికి 3 కోట్ల టన్నులు వాడుతుంది, రోజుకు 80 వేల టన్నుల పైమాట. అందులో సుమారు అరవై శాతం దిగుమతే, అదీ దాదాపుగా గల్ఫ్ నుంచే. విశాఖలో సముద్ర మట్టానికి దాదాపు 200 మీటర్ల లోతున గ్యాస్ దాచే రాతి గది ఉంది. చాలా గొప్ప ఇంజనీరింగ్ పని అది. దాని సామర్థ్యం 60 వేల టన్నులు. భాగించి చూడండి, దేశానికి ఒక్క రోజుకు కూడా రాదు. మంగళూరులో కట్టిన 80 వేల టన్నులది కలిపినా రెండో రోజు సాయంత్రానికి అయిపోతుంది. గ్యాస్ బండ అలవాటయ్యాక ఊళ్ళలో పొయ్యిలు పడగొట్టేశారు. తిరిగి కట్టెలకు పొమ్మంటే కంపచెట్లు తప్ప కట్టెలెక్కడున్నాయి? పొగ లేని వంట ఆడవాళ్ళ ఊపిరితిత్తులకు చేసిన మేలు కొలవలేనిది, దాన్ని వెనక్కి తీసుకెళ్ళమని నేననను. గ్యాస్ పాతరలు పెంచాలి, కరెంటు పొయ్యి రెండో దారిగా ఇళ్ళలోకి రావాలి.

అమ్మేవాడి చేతికి తాళంచెవి ఇస్తే ఏమవుతుందో జర్మనీ చూపించింది. 2021లో ఆ దేశం తెచ్చుకున్న గ్యాస్‌లో సగానికి పైగా రష్యాది. అది పోనీ అనుకుందాం. జర్మనీలోకెల్లా పెద్ద భూగర్భ గ్యాస్ నిల్వ రేడెన్ అనే చోట ఉంటే, దాన్ని నడిపింది రష్యా ప్రభుత్వ గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్ తాలూకు కంపెనీ. 2021 చలికాలం ముందు మిగతా నిల్వలు నిండుతుంటే అది దాదాపు ఖాళీగా ఉండిపోయింది. మరుసటి ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం. పాతర మన పెరట్లోనే ఉంది కదా అని ధీమా పడితే చాలదు, మూత ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి.

మన దగ్గరా ఒక పాఠం ఉంది. కృష్ణా గోదావరి బేసిన్ డీ6 క్షేత్రంలో గ్యాస్ 2009లో మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చింది. ఇంకా పెరుగుతుందన్న అంచనాతో గోదావరి జిల్లాల్లో గ్యాస్ కరెంటు ప్లాంట్లు లేచాయి. 2013 నాటికి ఆ క్షేత్రం నుంచి వచ్చేది మూడో వంతుకు కూడా తక్కువ. యంత్రాలు కొత్తవి, కట్టిన అప్పు కొత్తది, మండించడానికి గ్యాస్ లేదు. అక్కడ శత్రువు ఎవరూ లేరు. బావిలో నీళ్ళెన్నో సరిగ్గా కొలవకుండా తోట వేశాం, అంతే.

ఇక బొగ్గు. మన కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ ప్లాంటు సామర్థ్యం 1650 మెగావాట్లు. యూనిట్ కరెంటుకు ఇంచుమించు 650 గ్రాముల బొగ్గు అనుకుంటే, ప్లాంటంతా నిండుగా నడిచిన రోజు 25 వేల టన్నులు కావాలి. ఒక గూడ్సు బండి 58 పెట్టెలతో 3,800 టన్నులు తెస్తుంది. అంటే రోజుకు ఆరేడు బండ్లు, వందల కిలోమీటర్ల దూరం నుంచి. గనుల దగ్గర లేని ప్లాంట్లలో కాలాన్ని బట్టి 20 నుంచి 26 రోజుల నిల్వ ఉండాలని నిబంధన. 2021 అక్టోబరులో దేశం మొత్తం మీద సగటున నాలుగు రోజులకు పడిపోయింది. విదేశీ బొగ్గు ధర పెరిగి, దాని మీద నడిచే ప్లాంట్లు తగ్గించాయి. ఆ భారం దేశీ బొగ్గు మీద పడింది. అదే సమయానికి గనుల్లో వాన నీళ్ళు. తడి బొగ్గుతో ఇంకో చిక్కు, అది తొట్టి గోడలకు అంటుకుని కిందకు జారదు, మిల్లులోకి పోయే దారి మూసుకుంటుంది. యార్డులో రెండు రోజుల బొగ్గు కనిపిస్తున్నా యూనిట్ తగ్గించి నడపాల్సి వస్తుంది. బొగ్గు మన నేలలోదే, ఆ మాట నిజం. కానీ అది రైలు పట్టాల మీద వేలాడుతున్న ఇంధనమని గుర్తుంచుకోవాలి.

దీని పక్కన యురేనియం పెట్టి చూడండి. 210 మెగావాట్ల బొగ్గు యూనిట్‌కు నెలకు దాదాపు లక్ష టన్నులు. అంతే సైజు అణు రియాక్టరుకు ఏడాదికి కొన్ని పదుల టన్నుల యురేనియం చాలు, నాలుగైదు లారీల బరువు. ఐదేళ్ళ తిండి ఒక గోదాములో పెట్టొచ్చు. పాతర లెక్కలో దీన్ని మించినది లేదు. అందుకే పులివెందుల దగ్గరి తుమ్మలపల్లి గనికి దేశ పటంలో అంత విలువ. 2012లో మొదలైన ఈ గనిలో టన్ను రాయి తవ్వితే యురేనియం అర కిలో కూడా రాదు. పైగా రాయి సున్నపు జాతిది. జార్ఖండ్‌లో లాగా గంధకామ్లం పోస్తే ఆమ్లమంతా రాయే తినేస్తుంది. కాబట్టి రాయిని మెత్తగా నూరి, సోడియం కార్బనేట్, బైకార్బనేట్ ద్రావణంతో, ఆక్సిజన్ ఇచ్చి, వేడిలో, ఒత్తిడిలో ఉడికించి యురేనియం లాగుతారు. టన్నుకు అర కిలో కూడా రానిచోట మిగిలే బురద ఎంతో ఊహించుకోండి. ఆ బురద చెరువు నుంచి తమ బోరు నీళ్ళు చెడిపోతున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. దేశ భద్రత అన్న మాటతో వాళ్ళ నోరు మూయించకూడదు. బోర్ల నీటి పరీక్ష ఫలితాలు ఊరి పంచాయతీ గోడ మీద అతికించాలి.

యురేనియం లేకపోతే ఏమవుతుందో 2007, 2008లలో తెలిసింది. 1974 అణుపరీక్ష తర్వాత మనకు బయటి సరఫరా బిగుసుకుపోయింది. దేశీ గనులు చాలక రియాక్టర్లను సగం సామర్థ్యంతో నడిపారు. 2008 సెప్టెంబరులో అణు సరఫరా దేశాల బృందం, అంటే అణు సరుకు అమ్మే దేశాల కూటమి, తన నిషేధం నుంచి మనకు మినహాయింపు ఇచ్చాకే అంతర్జాతీయ తనిఖీల కింద ఉన్న రియాక్టర్లకు బయటి యురేనియం వచ్చింది. తనిఖీల్లో లేని వాటికి ఇప్పటికీ మన గనులే దిక్కు.

ఇప్పుడు మన కళ్ళ ముందున్న దానికి వస్తాను. ఓర్వకల్లు దాటి గని, శకునాల వైపు పోతే 1000 మెగావాట్ల సోలార్ పార్కు, దాదాపు 6 వేల ఎకరాలు, 2017 నుంచి నడుస్తోంది. అనంతపురం రామగిరి గుట్టల మీద గాలిమరలు 1990ల నుంచే ఉన్నాయి. పిన్నాపురంలో నీళ్ళు పైకెక్కించి కరెంటు దాచే 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. సోలార్ పలకల తయారీలో చైనా వాటా ప్రతి దశలోనూ 80 శాతం పైన అని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది. పలకలకు ముందు దశైన వేఫర్లలో ఇంకా ఎక్కువ. అయితే గల్ఫ్‌ను వదిలి చైనా చేతిలో పడ్డామా అని చాలామంది అడుగుతారు. ఈ రెండు పరాధీనతలూ ఒకటి కావు. చమురు ఓడ రేపు ఆగితే నెలా రెండు నెలల్లో లారీ ఆగుతుంది. పలకల ఓడ రేపు ఆగితే నిన్న బిగించిన పలక ఇంకో పాతికేళ్ళు కరెంటిస్తూనే ఉంటుంది. కొత్తది కట్టడం ఆగుతుంది, ఉన్నది ఆగదు. చమురు కొనడం రోజూ అంగట్లో బియ్యం తెచ్చుకోవడం అయితే, పలక కొనడం బావి తవ్వుకోవడం. పారలు వాడి దగ్గరే కొన్నా, తవ్విన బావి మనది.

కాకపోతే పలక కరెంటును మార్చి గ్రిడ్‌తో, అంటే ఊళ్ళన్నిటినీ కలిపే కరెంటు తీగల వలతో, కలిపే ఇన్వర్టరు అలా కాదు, జాగ్రత్తగా చూడాల్సింది దాన్నే. పలకలో గాజు, సిలికాన్, వెండి గీతలు, చుట్టూ అల్యూమినియం చట్రం. దానికి ఆలోచన లేదు. ఇన్వర్టరులో సాఫ్ట్‌వేరు ఉంటుంది, తయారీదారు దూరం నుంచి దాన్ని మార్చగలిగేలా ఇంటర్నెట్ దారి ఉంటుంది. పార్కంతా ఒకే కంపెనీవి, ఒకే సాఫ్ట్‌వేరువి అయితే, ఒక్క ఆదేశంతో వందల మెగావాట్లు ఒకే క్షణంలో పడిపోవచ్చు. దిగుమతి చేసుకునే విద్యుత్ పరికరాల్లో ఇలాంటి దొంగ ప్రోగ్రాములు ఉన్నాయేమో పరీక్షించాలని కేంద్రం 2020 జులైలో ఆదేశమిచ్చింది. ఆ పరీక్ష కొనే రోజు చేసి వదిలేసేది కాదు, సాఫ్ట్‌వేరు మారిన ప్రతిసారీ చేయాలి.

ఒకేసారి పడిపోతే ఏమిటంటారా? కరెంటుకు పాతర లేదు. పుట్టే కరెంటు, వాడే కరెంటు క్షణక్షణం సమానంగా ఉండాలి. ఆ సమతూకం చెప్పే ముల్లు ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది; అది 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు, రెండో రోజు 60 కోట్ల మంది ఉండే ప్రాంతాలకు దెబ్బ తగిలింది. దక్షిణానికి ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి మన గ్రిడ్ వేరు. 2013 డిసెంబరు 31న మన పక్కనున్న రాయచూరు నుంచి షోలాపూర్‌కు వేసిన 765 కేవీ (కిలోవోల్టుల) లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఆ కలయిక మంచిదే. మన పగటి ఎండ ఉత్తరాదికి పోతుంది, వాళ్ళ కరెంటు మనకొస్తుంది. కానీ ఆ రోజు నుంచి కర్నూలు సబ్‌స్టేషన్లో జరిగే తప్పు కర్నూలుది మాత్రమే కాదు.

సబ్‌స్టేషన్లో పగిలితే దొరకనిది పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. ఆర్డరిచ్చాక చేతికి రావడానికి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒక్కోటి వందల టన్నుల బరువు, దారిలో కల్వర్టులు గట్టిచేసుకుంటూ తేవాలి. అందుకే 765 కేవీ యార్డుల్లో మూడు ఫేజులకు మూడు విడి యూనిట్లు పెట్టి, నాలుగోది స్పేరుగా ఉంచుతారు. 2022 అక్టోబరు నుంచి ఉక్రెయిన్ మీద రష్యా క్షిపణులు వేటాడింది ఎక్కువగా ఈ ట్రాన్స్‌ఫార్మర్లనే. అదే ఉక్రెయిన్‌లో 2015 డిసెంబరు 23న హ్యాకర్లు కంప్యూటర్ల దారిన లోపలికొచ్చి బ్రేకర్లు, అంటే లైను తెంచే పెద్ద స్విచ్‌లు, తెరిచి 2 లక్షల 25 వేల కనెక్షన్లు ఆర్పారు. గంటల్లోనే కరెంటు తిరిగొచ్చింది. ఎలా? సిబ్బంది జీపుల్లో సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేశారు. మనం ఇప్పుడు మనుషులు లేని సబ్‌స్టేషన్ల వైపు పోతున్నాం. ఖర్చు తగ్గుతుంది, సరే. చేత్తో వేయడం తెలిసిన మనిషి గంటలో చేరేంత దూరంలో ఉండేలా చూడాలి.

అంతా ఆరిపోతే మళ్ళీ వెలిగించడం ఎక్కడ మొదలవుతుంది? శ్రీశైలం లాంటి జల విద్యుత్ కేంద్రంలో. 210 మెగావాట్ల బొగ్గు యూనిట్ లేవాలంటే ముందు దాని పంపులకు, ఫ్యాన్లకు పది పదిహేను మెగావాట్లు బయటి నుంచి కావాలి. నీటి టర్బైనుకు అంత అక్కర్లేదు. ట్యాంకులో దాచిన నూనె ఒత్తిడితో గేట్లు తెరుచుకుంటాయి, నీరు తిప్పుతుంది, బ్యాటరీ నుంచి జనరేటరుకు మొదటి అయస్కాంత శక్తి ఇస్తారు, వోల్టేజీ లేస్తుంది. చచ్చిన లైను మీదికి దాన్ని మెల్లగా ఎక్కిస్తారు. లోడు, అంటే కరెంటు వాడకం, లేని పొడవాటి లైనులో అవతలి కొసన వోల్టేజీ పెరుగుతుంది, దాన్ని అణచడానికి రియాక్టర్లనే తీగచుట్టలు (అణు రియాక్టర్లు కావు) వేసి ఉంచాలి. ఆ తర్వాత చిన్న చిన్న లోడు ముక్కలు. తొందరపడి ఒక పట్టణం మొత్తం ఒకేసారి ఎక్కిస్తే ఫ్రీక్వెన్సీ కుంగి మళ్ళీ మొదటికి. ఇందులో ఎక్కువగా ఎదురుతిరిగేది మూలన పెట్టిన బ్యాటరీ. రోజూ అక్కర్లేదు గనక ఎవరూ చూడరు, కావలసిన రోజు అది పలకదు. అందుకే గ్రిడ్ నియమావళి అంతా ఆరిపోయినట్టు అనుకుని లేపి చూసే మాక్ పరీక్షలు చేయమంటుంది. కాగితం మీద చేశామని రాసుకునే పరీక్ష ఇందుకు పనికిరాదు.

పిన్నాపురం విలువ కూడా ఇక్కడే ఉంది. పగలు ఎండ కరెంటుతో నీళ్ళు పై చెరువుకు ఎక్కించి, సాయంత్రం కిందికి వదులుతారు. నిండు సామర్థ్యంతో ఆరు గంటలు నడిస్తే కోటి యూనిట్లు. ఎక్కించేటప్పుడు పెట్టిన కరెంటులో ఐదో వంతో నాలుగో వంతో పోతుంది. అదే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి, ఆవిరైనంత పోసుకుంటే చాలు. కరెంటుకు పాతర లేదన్నాను కదా, ఉన్నవాటిలో దానికి దగ్గరిది ఇదే. బ్యాటరీలూ వస్తున్నాయి, కానీ వాటి గ్రాఫైటు, లిథియం శుద్ధి మళ్ళీ చైనా చేతిలోనే ఎక్కువ. చెరువు కట్టకు కావలసిన రాయి, మట్టి, సిమెంటు మన దగ్గరే ఉన్నాయి.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది: "మా మిద్దె మీద సోలార్ ఉంది, అయినా కరెంటు పోతే మా ఇల్లూ చీకటే, ఎందుకు?" మంచి ప్రశ్న తల్లీ. మీ ఇన్వర్టరు గ్రిడ్‌ను చూసి నడిచేది. గ్రిడ్ పోగానే రెండు సెకన్లలోపే ఆగిపోవాలని నిబంధన. లేకపోతే మీ ఇంటి కరెంటు లైనులోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఆగకుండా నడవాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, లైను నుంచి ఇంటిని విడదీసే స్విచ్ ఉండాలి. ప్రతి ఇంటికీ ఇది అక్కర్లేదు, కానీ ఊరికి కొన్ని చోట్ల తప్పనిసరిగా ఉండాలి. మంచినీళ్ళ ట్యాంకు మోటారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్, సెల్ టవరు. ఇంకోటి ఎవరికీ తట్టదు, పెట్రోల్ బంకు. భూమిలో ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా, పైకి తోడే మోటారుకు కరెంటు కావాలి. బంకు ఆగితే ఆసుపత్రి జనరేటరుకు డీజిల్ రాదు. మీ ఊరి బంకులో జనరేటరు ఉందా, పోయిన నెల ఒక్కసారైనా నడిపి చూశారా? ఇంటికి పోయేటప్పుడు ఆగి అడగండి.